సగం నేసిన దట్టి

హుసేనప్పా,

నువ్వు లేని మొదటి పీర్ల పండగ నిన్న ఎమ్మిగనూరులో జరిగింది. పీరుకు కట్టడానికి ఏటా నువ్వు నేసే దట్టి ఈసారి మగ్గం మీద సగంలో ఆగిపోయింది కదా, మిగతాది వదిన నేసింది.

"దేవుడే లేడనేవోని గుడ్డ పీరుకెట్ల కడతారప్పా?" అని మా సాయిబులు. "దట్టి నేసినోడు కమ్యూనిస్టెట్లయితాడు?" అని మీ పార్టీవాళ్లు. పీర్ల చావిడి ముందు ఒకటే రగడ. నువ్వుంటే ఎప్పటిలాగే, "మొక్కు మాయమ్మది, మగ్గం నాది, పోండప్పా!" అనేవాడివి.

వదిన దట్టిని పీరును ఎత్తే ముజావరు చేతిలో పెట్టింది.

పీరు లేచింది. ఊదు పొగలో దట్టి నీళ్లమీద తేలినట్టు కదిలిపోతుంటే, నీ నేత ఎక్కడ ఆగిందో, వదిన నేత ఎక్కడ మొదలైందో ఎంత చూసినా కనిపించలేదు. వాదించినవాళ్లంతా దాని వెనకే నడిచారు.

ఆదోని నుంచి,
నీ మహబూబు