పడిపోయిన చెయ్యి

మంగళవారం, రాత్రి

ఈ రోజు మా మెట్ట చెలకలో కంది విత్తడం మొదలుపెట్టాం. మా ఇంట్లో మొదటి సాలు పెద్దవాడే వేయాలి. గింజల సంచి అందుకోబోతే తమ్ముడు మల్లయ్య ఆపాడు.

"నీ చెయ్యి పడిపోయింది గదనే అన్నా. ఇగ నీతోని కాదు, ఒడ్డున కూసో."

కుడిచేతికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి అందరి నోటా అదే మాట. ఖేడ్ పట్నం దవాఖానలో డాక్టరమ్మ మాత్రం చేతి పనితీరు తగ్గిందని చెప్పింది. తగ్గడం వేరు, పడిపోవడం వేరు. ఎన్నడూ ఎదురు చెప్పని నేను ఈ రోజు చెప్పాను.

"పడిపోలేదురా, మెల్లగయింది. సంచి ఇటియ్యి."

ఎడ్లు లాగే విత్తనాల గొర్రు వెనక నడుస్తూ దాని గొట్టంలో గింజలు వదిలాను. వేళ్లు సరిగా విడవక ఒక్కోచోట గుప్పెడు పడ్డాయి.

"గంత ఒత్తుగ పడితె ఎట్లనే?" అన్నాడు మల్లయ్య.

"మొలిచినంక పీకుదాం. నువ్వు ఎడ్లను తోలు."

సాలు చివరిదాకా ఆ చేతితోనే వేశాను. మధ్యలో ఖాళీలు కూడా పడ్డాయి, నాకు తెలుసు. మొలకలొచ్చాక చూసినవాళ్లు ఏమంటారో అని గుబులుగానే ఉంది. అననీ. వచ్చే ఏడు కూడా మొదటి సాలు నేనే వేస్తాను, అప్పటికి ఈ చేతి పనితీరు ఇంకెంత తగ్గినా...