కొత్త పేరు, పక్కింటి నంబరు

శేఖర్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. హబ్సిగూడలో నీ నెట్‌వర్కింగ్ క్లాసు ఇప్పుడు నాదే.

"సార్, వెబ్‌సైట్లను కాపాడే టీఎల్ఎస్ మొదటి వెర్షన్ 1.0 గదా, పంపే డేటా లోపల దాని నంబరు 3.1 అని ఎందుకొస్తున్నది?" అని ఒకమ్మాయి అడిగింది.

నీ ఉదాహరణే నాదిగా చెప్పేశాను: "దానికి ముందున్న ఎస్ఎస్ఎల్ 3.0 తర్వాత వచ్చింది గదా! ఇంటికి కొత్త పేరు పెట్టుకున్నా, నంబరు పక్కింటి తర్వాతదే వస్తది."

క్లాసంతా చప్పట్లు. నా పదేళ్ల పాఠాలకు ఎన్నడూ రానివి.

"మా అక్క నోట్స్‌ల గూడ గిదే ఉంది సార్. శేఖర్ సార్ జెప్పిండంట," అంది పక్కనున్న పిల్ల.

ఒళ్లు మండింది. "ఆయనకు జెప్పింది నేనే," అన్నాను.

కాదనడానికి నువ్వు లేవు. అయినా క్లాసు అయ్యేదాకా తలుపు వైపే చూస్తూ ఉన్నాను.