ఫైలు పైన నీ పేరు

బావా,

ఇవాళ నీ సంవత్సరీకం. అక్క భోజనానికి రమ్మంది. ఆఫీసులో పని ఉందన్నాను, అబద్ధం కాదు. గమ్హరియా ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా ప్రోగ్రాంని కొత్త కంప్యూటర్‌కి మారుస్తున్నాం. పాత కోడ్ వెతకడానికి నువ్వు రాసిన టూలే నడిపాను. కోడ్‌ని చెట్టులా విడదీసి, కొమ్మకొమ్మకూ విజిటర్ అనే చిన్న ప్రోగ్రాంని పంపుతుందే, అది.

"సుట్టంలాగ పెతి గుమ్మంలోకీ ఎల్లి చూసొత్తాడ్రా, ఇంట్లో ఏటీ కదపడు," అనేవాడివి. నేను నవ్వేవాణ్ణి.

ఆ చుట్టం ఇవాళ ఒక పాత ఫైలు దగ్గర ఆగాడు. మొత్తం బరువులోంచి ఖాళీ లారీ బరువుని రెండుసార్లు తీసేసి, నీకు మీటింగులో అందరిముందూ తిట్లు తినిపించిన ఫైలు. అది రాసింది నేను. నీ ఫైలు కాపీ చేసి మొదలుపెట్టాను, పైన నీ పేరు మార్చడం మరిచాను. ఆ రోజు నువ్వు నావైపు ఒక్కసారి చూశావు. నేను టీ గ్లాసులోకి చూశాను. నువ్వు ఎవరికీ చెప్పలేదు, అక్కకి కూడా.

పక్క సీటులో కొత్తగా చేరిన, జుగ్సలాయి నుంచి వచ్చే అమ్మాయి స్క్రీన్ మీద ఆ తప్పు లైను చూసి, పైన నీ పేరు చదివింది.

"ఈ గల్తీ ఈయనదేనా అంకుల్?"

"అవునమ్మా," అన్నాను.