తీపి నోట్లో ఉండగా

నవంబర్ 9, ఆదివారం

పసుపు బీరు పారబోశాను. జలుబు చేసినవాడికి తప్ప ఎవరికీ పనికిరాదు. మా ఇందూరు టౌన్ అంటే పసుపే కదా అని బీరులో వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. మా పబ్బు ఓనర్ దేవిదాస్ సేఠ్ ఒక్క గుక్క తాగి, గిది బీరా కషాయమా, మా అవ్వకు దగ్గు లేస్తుంది పంపియ్యాల్నా అన్నాడు. వెయిటర్లంతా నవ్వారు. బీరు కాచేవాణ్ణి నేనే కాబట్టి నేనూ నవ్వాల్సి వచ్చింది.

సేఠ్ కంగారు వేరే. హైదరాబాద్ నుంచి హర్షిణి అనే అమ్మాయి వస్తోంది. జిల్లా టౌన్లలో కొత్తగా పెట్టిన బ్రూ పబ్బుల మీద ఆన్‌లైన్‌లో గైడ్ రాస్తోందట, ఏ ఊళ్లో ఎక్కడ ఏం తాగాలో. మా దగ్గర ఇది మా ఊరిది అని చెప్పుకునే బీరు ఒక్కటీ లేదు. గైడ్‌ల మన పేరు రాకుంటే దుకాణం బంద్ చేసి పెండ్లిళ్లకు కిరాయికిస్త ఉమా అన్నాడు. నా ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

నవంబర్ 12

బెల్లం! ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు?

నవంబర్ 13, సాయంత్రం

బోధన్ వెళ్లొచ్చాను. మా క్యాంపుకు, అంటే కోస్తా నుంచి వలసొచ్చిన మా రైతుల పేటకు, ఆనుకునే రుక్మాబాయి చెరకు తోట. మేమంతా రుక్మవ్వ అంటాం. షుగర్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి తన చెరకు తనే గానుగాడించి బెల్లం వండుతుంది. రంగు కోసం ఏ మందూ కలపదు. నల్లగా, కాస్త పొగవాసనతో ఉంటుంది. చిన్నప్పుడు నాన్న నన్ను అక్కడ దింపి పొలానికి పోతే, కడాయి అడుగు గీకిందంతా నాకే.

ఆమె దగ్గర బెల్లం కొనడానికి ఒక పద్ధతి ఉంది. ఆమె భర్త రాజమల్లు గుడుంబా తాగి తాగి పోయాడు. ఆ గుడుంబా ఆమె అమ్మిన బెల్లంతోనే కాచారని తర్వాత తెలిసింది. అప్పుడు మహిళా సంఘం ముందు ఒట్టు పెట్టుకుంది, తన బెల్లం మళ్లీ తాగుడుకు పోతే కడాయి బోర్లించి వండటమే మానేస్తానని. అందుకే ఎవరొచ్చినా ముందు గోరువెచ్చటి ముక్క ఒకటి అరచేతిలో పెడుతుంది. అది నోట్లో వేసుకుని, తాగుడుకు కాదు అని చెప్పాలి. తీపి నోట్లె ఉండంగ అబద్ధం రాదు బిడ్డా అంటుంది.

నాకు మాత్రం పెట్టబోలేదు. నువ్వు మా పోరనివే, నీకెందుకురా అంది. పక్కన సంఘం శంకరమ్మ కూర్చుని నన్నే చూస్తోంది. నేనే చెయ్యి చాపాను. నోట్లో వేసుకున్నాను. హోటల్లో లడ్డూలకు అవ్వా, తాగుడుకు కాదు అన్నాను.

తడుముకోకుండా వచ్చేసింది. అదే భయమేస్తోంది.

నవంబర్ 14

మాది లైసెన్సు ఉన్న వ్యాపారం. ట్యాక్స్ కడతాం. గుడుంబా వేరు, నేను కాచే ఏల్ బీరు వేరు. ఎవరడిగారని రాస్తున్నాను ఇదంతా?

నవంబర్ 30

బెల్లం బీరు బ్యాచ్ దిగింది. ఛీ, ఎంత బాగుందో! సిగ్గులేకుండా రెండో గ్లాసు కూడా తాగాను.

డిసెంబర్ 6

హర్షిణి వచ్చింది. మంచి పిల్ల. మిగతా బీర్లకు తలూపి ఊరుకుంది. బెల్లం ఏల్ నోట్లో పడగానే కళ్లు మూసుకుంది. ఈ పొగ ఎక్కడిదండీ అని అడిగింది. మార్కెట్లో కొన్నానంటే సరిపోయేది. అననివ్వని పొగరేదో ఉంది నాలో. పైగా ఇంకో వెధవ ఆలోచన: అబద్ధమాడి తెచ్చాను, కనీసం పేరైనా ఆమెకు దక్కనీ అని. రుక్మవ్వ పేరు చెప్పాను, ఊరు చెప్పాను. ఫోన్లో ఉన్న ఫోటో కూడా పంపాను, కడాయి పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వుతున్నది.

దొంగిలించిన కోడిని వండి, కోడి ఎవరిదో విస్తట్లో రాసి పెట్టినట్టుంది నా పని.

డిసెంబర్ 15

గైడ్ వచ్చింది. మా పబ్బు పేరే మొదట. రుక్మవ్వ ఫోటో, కింద ఆమె పేరు, దాని కింద మా గ్లాసు. సేఠ్ స్వీట్లు పంచాడు. నిజంగానే లడ్డూలు. నేను తినలేదు.

డిసెంబర్ 17, మధ్యాహ్నం

అమ్మ ఫోన్. ఏం పని చేశావురా అని ఏడుపు. నవీపేట్ సంతలో ఎవరో శంకరమ్మకు ఫోన్లో చూపించారట. సంఘం ఆడవాళ్లంతా రుక్మవ్వ ఇంటి ముందు కూర్చున్నారట. ఆమె మాత్రం ఒకటే మాట. ఫోన్లోల్లు ఏమన్న రాస్తరు, ఉమా నా ముందట తీపి తిన్నడు, వాడచ్చి చెప్తెనే నమ్ముత అన్నదట.

సేఠ్‌కు చెప్పాను. గింతేనా, గైడ్‌ల తప్పు పడ్డదని చెప్పిరా, ముసలామె పొయ్యి నిలబడ్తది, నీ ఇజ్జత్ నిలబడ్తది అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ కనబడలేదు. నా నిజం వల్ల ఆమె బతుకుదెరువు పోతుంది. ఒక్క అబద్ధం చాలు. ఒకటి ఎలాగూ ఆడేశాను కదా.

డిసెంబర్ 18

అబద్ధం చెప్పడానికే వెళ్లాను. బస్సులో ప్రాక్టీసు కూడా చేసుకున్నాను.

నన్ను చూడగానే రుక్మవ్వ ముఖం విప్పారింది. సూసిన్రా, పిలిస్తె అచ్చిండు మా పోరడు అని ఆడవాళ్లకు చూపించింది. లోపలికి పోయి ముక్క తెచ్చి చేతిలో పెట్టింది. నోట్లో వేసుకున్నాను. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆమె ఒక్కతే ఎదురుచూడటం లేదు. నేనేం చెబుతానో ఆమెకు ముందే తెలిసిపోయినట్టు శంకరమ్మ వైపు తిరిగి నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూ అబద్ధమాడటం నా వల్ల కాలేదు.

తాగుడుకే అవ్వా అన్నాను.

రుక్మవ్వ కొంగు నడుముకు చుట్టింది. వద్దక్కా, ఇందుల నీ తప్పేమున్నది అని శంకరమ్మే బతిమాలింది. మాటంటె మాటనే అంది రుక్మవ్వ. గానుగ దగ్గరికి నడిచింది. కడిగి పెట్టిన కడాయి అంచు పట్టుకుని లేపబోయింది. అంత బరువు ఆమెతో కాలేదు. ఆడవాళ్లెవరూ కదల్లేదు.

ఒక చెయ్యెయ్యిరా అంది నాతో.

ఇద్దరం కలిసి బోర్లించాం. చేనులో సగం చెరకు ఇంకా కొట్టనే లేదు. ఈ పాపం నాది. ఎవరి మీదికీ నెట్టలేను.

డిసెంబర్ 20

రుక్మవ్వ పబ్బుకు వచ్చింది. పట్టపగలు, ఒక్కతే. నా బెల్లం ఏడున్నదో సూపియ్యి అంది. ట్యాంకు మూత తీశాను. వంగి వాసన చూసింది. గిదే, మా ఆయన తాగి ఇంటికస్తె గిదే వాసనచ్చేది అంది.

కింద వాల్వు తిప్పేశాను. బీరు నురగలు కక్కుతూ మోరీలోకి పోతోంది. సేఠ్ అరుస్తున్నాడు. సగం పోయాక ఆమె నా చెయ్యి పట్టుకుంది.

ఆపురా, గా వాసన జెరంత సేపు ఉండనీ అంది.