మూడో వర్గం

రత్నం, నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. ఇక్కడ అమెరికాలో, పిస్కాటవేలో మా అమ్మాయి హిస్టరీ హోంవర్క్ చేస్తోంది. పాత ఫ్రాన్సులో జనం మూడు ఎస్టేట్లు, అంటే మూడు వర్గాలట: మతగురువులకు ఒక ఓటు, ప్రభువులకు ఒకటి, మూడో వర్గమైన తక్కిన జనమంతటికీ కలిపి ఒక్కటేనట. మన ఎస్సెల్సీ పరీక్షకు ముందు ఈ పాఠం నాకు చెప్పింది నువ్వే. మా అరుగు ఎక్కకూడదని కింది మెట్టు మీద కూర్చుని చెప్పావు. దాహమంటే మా అమ్మ చెంబు పైకెత్తి నీ దోసిట్లో నీళ్లు పోసింది. అమ్మకు భయపడి నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

"డాడీ, ఇండియాలో మనం ఏ ఎస్టేట్?" అని అడిగింది అమ్మాయి.

"థర్డ్," అన్నాను.

"పాపం డాడీ," అంటూ నా మెడ చుట్టూ చేతులేసింది.

అది నీ చోటని చెప్పడానికి నాకు నోరు రాలేదు రత్నం. ఈసారి భయపడడానికి మా అమ్మ కూడా లేదు.