ఇచ్చేసిన మంత్రి

మార్చి 3, సోమవారం

పది గంటల బ్రేక్‌లో ఫోన్ మీద మూడు చెస్ ఆటలు, మూడూ గెలుపే. ఒక్కోటీ మూడు నిమిషాల ఆట. నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఇచ్చేశాను, బదులుగా వచ్చింది ఒక్క బంటు. చదువుకున్న ఆటగాళ్ళు దీన్ని చెత్త ఓపెనింగ్ అంటారు. అననీ. నిదానంగా ఆడితే చెత్తే. మూడు నిమిషాల్లో మాత్రం, తేరగా గుర్రం దొరికినవాడు ముందు బెదురుతాడు. వీడు ఎందుకిచ్చాడా అని వెతుక్కుంటాడు. వెతుక్కునేలోపు నా బంట్లు వాడి గుమ్మంలో ఉంటాయి. నాకెవడూ నేర్పలేదు. టోంగాలో ఉండగా పగిలిన ఫోన్ మీద నేనే నేర్చుకున్నా. ఇక్కడ ఆస్ట్రేలియాలో, విక్టోరియాలో, గొర్రెమాంసం ఫ్యాక్టరీలో, రోజంతా "యెస్ మేట్" అంటూ ఎముక నుంచి మాంసం కోస్తాను. బ్రేక్ ఉన్న ఆ ఇరవై నిమిషాలూ ఎవడికీ యెస్ అనను.

మార్చి 11

మంత్రిని రెండు గళ్ళు లాగాలి. వేలు ఒక గడి దగ్గరే వదిలేసింది. ఊరికే తినేయొచ్చు. అవతలివాడు, పెరూ వాడు, తినలేదు. ఉచ్చు అనుకుని ముప్పై ఎనిమిది సెకన్లు చూస్తూ కూచున్నాడు. టైమ్ అయిపోయి ఓడిపోయాడు. బ్రేక్ రూమ్ అంతా ఒకటే గోల. నా పక్కన మాంసం కోసే లాటు బాబాయ్ నా వీపు మీద ఒక్కటిచ్చి, ఒరే మోసెసే, మంత్రిని కూడా ఇచ్చేశావేంట్రా పిచ్చోడా అన్నాడు. నవ్వాను. వేలు జారిందని చెప్పలేదు.

మార్చి 12

ఫ్యాక్టరీ లోపల ఏడు డిగ్రీలు. వేలు జారింది చలికే అయ్యుంటుంది.

మార్చి 23, ఆదివారం

చలికి కాదు. ఇవాళ సెలవు, ఎండ కాస్తోంది, అయినా కుడిచేతి బొటనవేలు, పక్క రెండు వేళ్ళూ మొద్దుబారి ఉన్నాయి. చర్చిలో పాటల పుస్తకం చేతిలోంచి జారింది.

చెప్పుకోవాలంటే ఫోర్‌మన్ గ్లెన్‌కి చెప్పుకోవాలి. జూలైలో కాంట్రాక్ట్ అయిపోతుంది. కత్తి పట్టేవాళ్ళనే మళ్ళీ తీసుకుంటారు. పోయిన ఏడాది ఒకడు భుజం పట్టేసిందని చెప్పుకున్నాడు. మొదట అట్టపెట్టెల దగ్గరికి మార్చారు. తర్వాత కేకు కోసి, ఫొటో దిగి, విమానం ఎక్కించారు. కేకు నేనూ తిన్నాను.

చెప్పను.

ఏప్రిల్ 2

ఆడిన ప్రతి ఆటా ఫోన్‌లో ఉంటుంది. ఫిబ్రవరి నుంచీ ఒక్కోటీ తిరగేశాను. నేను పావు ఇచ్చేసిన ఆటలు ముప్పై ఒకటి. అందులో నేను కావాలని ఇచ్చినవి పన్నెండు. మిగతావన్నీ వేలు వదిలేసినవి. వాటిల్లో కూడా పద్నాలుగు గెలిచాను. అందరూ చప్పట్లు కొట్టింది వాటికే. ఒళ్ళు మండిపోయింది. ఫోన్ గోడకేసి కొట్టబోయి, మంచం మీదకి విసిరాను.

ఏప్రిల్ 8

బాబాయ్‌కి తెలిసిపోయింది. ఆయన నాకు రక్తసంబంధం కాదు. మాంసం కోసే బల్ల దగ్గర నా ఎడమ పక్కన నిలబడతాడు, పదకొండేళ్ళుగా ఇదే పని, నాకు కత్తి పట్టడం నేర్పింది ఆయనే. ఇవాళ బ్రేక్‌లో ఎడమ చేత్తో ఆడమన్నాడు. ఎందుకు అన్నాను. ఆడరా అన్నాడు. మూడు ఆటలు ఆడాను. ఒక్క పావూ జారలేదు. టీ తాగడం పూర్తిచేసి, కప్పు కడిగి వచ్చి చెప్పాడు.

"నీ మంత్రి ఎక్కడ పడ్డా నాకు నవ్వులాటే. నీ కత్తి పడేది నా మోచెయ్యి పక్కనరా, నాయనా."

గ్లెన్‌కి చెప్తావా అని అడిగాను. నేనెందుకు చెప్తాను, నోరు నీకు లేదా అన్నాడు. తన చోటు మార్చమని ఆయన అడగొచ్చు. అడిగితే ఎందుకని అంటారు. అందుకే అడగలేదు. బ్రేక్ అయ్యాక వచ్చి నా పక్కనే నిలబడ్డాడు.

ఏప్రిల్ 11, మధ్యాహ్నం 2.40

కత్తి జారింది. బాబాయ్ తెల్లకోటు చెయ్యి, మణికట్టు దగ్గర ఉక్కు గ్లవ్ ఆగిన చోటి నుంచి మోచెయ్యి దాకా, బారుగా చిరిగింది. చర్మం తెగలేదు. గ్లెన్ పరిగెత్తుకొచ్చాడు. మాంసం వేలాడదీసే హుక్‌కి తగులుకుందిలే అని బాబాయ్ వాడితో చెప్పేశాడు. వేరే కోటు తొడుక్కుని వచ్చి మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

మూడు నిమిషాల ఆటలో నేనిచ్చేది నాది. ఓడితే నేనే ఓడతాను. ఆ చెయ్యి నాది కాదు.

ఏప్రిల్ 14, సోమవారం

షిఫ్ట్ మొదలవకముందే గ్లెన్‌కి చెప్పాను. కత్తి, ఉక్కు గ్లవ్ తీసేసుకుని నన్నూ అట్టపెట్టెల దగ్గరికి మార్చాడు. గురువారం డాక్టర్. జూలై సంగతి వాడు ఎత్తలేదు, నేను అడగలేదు.

అట్టపెట్టెల దగ్గర నిలబడితే బల్ల మొత్తం కనిపిస్తుంది. బాబాయ్ మోచెయ్యి బార్లా చాపుకుని కోస్తున్నాడు. ఇన్ని వారాలూ దాన్ని డొక్కకి అదిమిపెట్టుకుని పనిచేశాడు.