జల్లూల్ దిష్టి

జగ్వాన్

చిరంజీవి దొర్సాఫ్‌కు పెదనాన్న హమ్మాది దీవెనలు.

నలభై ఏళ్లుగా తేనెటీగలు పెంచుతున్నాను, అవి కుడితే ఏనాడూ లెక్కచేయలేదు. మొన్న ఒక్కటి కుట్టగానే ఒళ్లంతా దద్దుర్లు, పెదవులు వాచాయి, ఊపిరాడలేదు. కారణం పక్కింటి జల్లూలే! అంతకుముందే కంచె మీంచి తొంగిచూసి, "నీ తేనె ముందు నా తేనె ఒట్టి ఖర్జూరం పాకంరా!" అని మెచ్చుకున్నాడు. దిష్టి తగలకుండా చివర "తబారకల్లా" అనాలా లేదా? ఇక వాడి మొహం చూడను.

ఇట్లు, పెదనాన్న

తా.క. మీ పెద్దమ్మ ఇది ఎలర్జీ అంటోంది. ఆవిడ మాట వినకుండానే ఇంతవాణ్ణయ్యాను.

*

ట్యునిస్

పెదనాన్నకు సలాములు.

పెద్దమ్మ చెప్పిందే నిజం. ఇన్నాళ్లూ పడిన ఈగ విషం ఉన్నట్టుండి ఒంటికి పడకుండా పోవచ్చు. ఈసారి గొంతు మూసుకుపోతే నువ్వు మాకు దక్కవు. డాక్టరుకు చూపించుకో. మా మందుల షాపు నుంచి ఇంజెక్షన్ పంపుతున్నాను. ఈగలున్నచోట ఇది దగ్గరుండాలి. ఎలా వాడాలో పెద్ద అక్షరాలతో చీటీ రాశాను.

నీ దొర్సాఫ్

తా.క. దిష్టికి పెదవులు వాచవు.

*

జగ్వాన్

దొర్సాఫ్‌కు దీవెనలు.

తాయెత్తు అందింది. చదువుకున్నదానివి, సిగ్గుపడి ఇంజెక్షన్ అన్నావని అర్థమైందిలే. తేనెపెట్టెల పక్కనే కంచెకు కట్టాను. దిష్టి తగలకుండా అటు చేపతోక, ఇటు నీలిపూస కూడా కట్టాను. చీటీ జల్లూల్ వైపు తిప్పాను. దిష్టి వాడిదైతే మంత్రం నేను చదివి ఏం లాభం?

పెదనాన్న

తా.క. వాడు రోజూ నిలబడి చదువుతున్నాడు. మొహం పాలిపోతోంది. పనిచేస్తున్నట్టే ఉంది.

*

ట్యునిస్

పెదనాన్నా, సలాములు. అది తాయెత్తు కాదు, మందు! విప్పి జేబులో పెట్టుకో!

దొర్సాఫ్

తా.క. పక్కన చేపతోక పెట్టకు.

*

జగ్వాన్

బంగారుతల్లికి దీవెనలు.

నీ ఉత్తరం అందేలోపే ఈగ కుట్టింది. గొంతు బిగుసుకుపోయి పడిపోయాను. చచ్చిపోతున్నానని చాలా భయమేసిందమ్మా. జల్లూల్ కంచె దూకి, తాయెత్తు పీకి, పంట్లాం మీంచే తొడలో పొడిచాడు. నీ చీటీ వాడికి కంఠతా వచ్చు! తన బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. వాడు లేకపోతే నేను బతికేవాణ్ణి కాదని డాక్టరు అన్నాడు.

నిన్ననే ఇల్లు చేరాను. ఇద్దరం రాజీపడ్డాం. పొద్దున్నే వాడు కంచె దగ్గరికొచ్చి, "నీ తేనె గాడిద కూడా ముట్టదురా!" అని అరిచాడు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఇంత మంచి స్నేహితుడు ఎవరికుంటాడు?

ఇట్లు, బతికున్న పెదనాన్న

తా.క. తాయెత్తు గట్టిదే. ఇంకో రెండు పంపు, జల్లూల్‌కీ కావాలి. పొద్దున తిట్టి వెళ్తుంటే వాడి ముక్కు మీద ఈగ కుట్టింది, బాగా వాచింది. నా దిష్టే. "ఎంత మంచివాడివిరా!" అని వెనకనుంచి పైకే అనేశాను.